ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టించకండి

సర్వీసు సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు ట్రెజరీ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి సూపరింటెండెంట్‌గా రిటైరైన మా కాలమిస్టు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మావారు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్. వయసు 47. ఉద్యోగంలో చేరి పదహారేళ్లయింది. మొన్న ఆగస్టులో క్లాసు చెబుతూ చెబుతూ పడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. హెల్త్ కార్డు మీద వైద్యం జరిగింది. నాలుగు నెలలు ఫిజియోథెరపీ చేయించాం. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట నెమ్మదిగా వస్తుంది కానీ అర్థమవుతుంది. రోజూ సాయంత్రం మా వెనక గది తలుపు మీద ఎడమ చేత్తో సుద్దముక్కతో రాయడం నేర్చుకుంటున్నారు.

డిసెంబరులో జాయినవుదామని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని కాలేజీకి వెళ్తే ప్రిన్సిపాల్ గారు జాయినింగ్ రిపోర్టు తీసుకోలేదు. 'ఈ నోటితో పాఠం ఏం చెబుతారు సార్, మెడికల్ ఇన్వాలిడేషన్‌కి పెట్టుకోండి, మీ అబ్బాయికి ఉద్యోగం వస్తుంది' అన్నారు. అంటే జబ్బు వల్ల ఇక పనిచేయలేనని రాసిచ్చి రిటైరవడమట. టైపు చేసిన కాగితం కూడా ఆఫీసులో ఇచ్చి పంపారు, సంతకం పెట్టి తెమ్మన్నారు. వారం తిరక్కుండానే అనుమతి లేకుండా గైర్హాజరయ్యారంటూ పైఆఫీసు నుంచి చార్జ్ మెమో, అంటే ఆరోపణల నోటీసు వచ్చింది. నేను సెలవు సంగతి సహోద్యోగి ద్వారా వాట్సాప్‌లో చెప్పించాను, కాగితం పంపలేదు. అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరం. మావారు రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. 'సంతకం పెట్టేస్తాను, పిల్లాడన్నా బాగుపడతాడు' అంటున్నారు. మాకేం చెయ్యాలో తోచడం లేదు.
(పేరు, ఊరు వద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ టైపు కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి. చించవద్దు, అది మీకు సాక్ష్యం. సంతకం మాత్రం వద్దు. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. ఎందుకో చెబుతాను. 1987లో మా నాన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో జీపు డ్రైవరు. ఆయనకూ పక్షవాతమే, కుడివైపే. ఇరవై రోజులు తిరక్కుండా ఆఫీసు నుంచి ఇద్దరు ఇంటికి వచ్చారు. మంచివాళ్లే, పళ్లు కూడా తెచ్చారు. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం మంచం మీద పెట్టారు. మా నాన్నది చాలా అందమైన సంతకం, పేరు చివర చిన్న మెలిక తిప్పేవాడు. ఆ రోజు చెయ్యి లేవలేదు కాబట్టి ఎడమ బొటనవేలు ఇంకుప్యాడ్ మీద అద్ది ముద్ర వేయించుకున్నారు. వాళ్లు వెళ్లాక ఆ వేలికున్న నీలం రంగు పోవాలని మా అమ్మ కొబ్బరినూనె రాసి రుద్దుతూ కూర్చుంది. మూడు రోజులు పోలేదు. ఆ కాగితంలో ఉన్నది స్వచ్ఛందంగా తప్పుకుంటున్నానన్న మాట అని మాకు నెల తర్వాత తెలిసింది. అప్పటికి ఈ విషయంలో ఉద్యోగిని కాపాడే చట్టం లేదు. ఇప్పుడుంది. అందుకే మీ ఇంట్లో అదే కథ మళ్లీ జరగనివ్వకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ చట్టం దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 20వ సెక్షను నాలుగో ఉపసెక్షన్ మీవారి కోసమే రాసినట్టుంటుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ ఏదీ ఉద్యోగం నుంచి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టుకు పనికిరాడనుకుంటే అదే వేతన స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టులోకి మార్చాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు, అంటే ఆయన కోసమే అదనంగా ఒక పోస్టు సృష్టించి, తగిన పోస్టు దొరికేదాకా గానీ రిటైర్మెంటు వయసు వచ్చేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు అందులో ఉంచాలి. దీనికంటే ముందున్న 1995 చట్టంలో 47వ సెక్షను కూడా ఇదే చెప్పేది. కాబట్టి ఇది మొన్న మొన్న పుట్టిన మాట కాదు. 1996 ఫిబ్రవరి నుంచి ఈ దేశంలో ఉన్న హక్కు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. 'వైకల్యం నలభై శాతం దాటితేనే కదా' అంటారు. నలభై శాతం నిబంధన రిజర్వేషన్లకు, పింఛన్లకు, అలాంటి కొన్ని ప్రయోజనాలకు. 20(4)లో ఆ అంకె ఎక్కడా లేదు. వైకల్యం వచ్చిన ఉద్యోగి అని మాత్రమే ఉంది. అయినా వైకల్య సర్టిఫికెట్ ఉండటం మంచిది కాబట్టి అది ఇచ్చే సదరం వైద్య శిబిరానికి స్లాట్ బుక్ చేసుకోండి. చెయ్యి, కాలు సంగతి ఒక్కటే చెప్పి రాకండి, మాట సంగతి కూడా చెప్పండి. చట్టం షెడ్యూలులో ఉన్న 21 రకాల వైకల్యాల్లో నరాల దెబ్బ వల్ల మాట, భాష శాశ్వతంగా దెబ్బతినడం విడిగా ఉంది. పరిస్థితి ఇంకా మెరుగుపడే వీలుందని డాక్టర్లు అనుకుంటే తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దానికి బాధపడవద్దు, అదీ పనికొస్తుంది.

ఇక మీ ఇంట్లో అందరినీ తినేస్తున్న ప్రశ్నకు వస్తాను. అబ్బాయి ఉద్యోగం.

తండ్రికి ఇది ఎంత బరువైన ఆశో నాకు తెలుసు. పెన్షన్ సెక్షన్‌లో కూర్చున్న ఇన్నేళ్లలో మెడికల్ ఇన్వాలిడేషన్ ఫైళ్లు ఎన్నో చూశాను. ఆ దరఖాస్తు పెట్టిన ప్రతి తండ్రీ తనకోసం పెట్టలేదు, పిల్లల కోసమే పెట్టాడు. కానీ ఇలా తండ్రి స్థానంలో పిల్లలకిచ్చే కారుణ్య నియామకం హక్కు కాదని సుప్రీంకోర్టు 1994 నుంచీ చెబుతూనే ఉంది. కుటుంబం హఠాత్తుగా కష్టంలో పడితే ఆదుకోవడానికి ఇచ్చే అవకాశం మాత్రమే. ఇన్వాలిడేషన్ మంజూరు కావాలి, ఆ తర్వాత అబ్బాయి దరఖాస్తు నడవాలి, ఖాళీ ఉండాలి, వయసు, చదువు సరిపోవాలి. వీటిలో ఏ ఒక్కటీ ప్రిన్సిపాల్ గారి చేతిలో లేదు. ఆయన నోటిమాటగా ఇచ్చిన హామీ ఏ ఫైల్లోనూ ఉండదు. ఇటు మీవారి జీతం మాత్రం ఆ నెలతోనే ఆగిపోతుంది. పైగా ఆయన చేరింది 2004 సెప్టెంబరు 1 తర్వాత, అంటే సీపీఎస్, ఉద్యోగి వాటా కట్టే కొత్త పెన్షన్ పద్ధతి. పాత పెన్షన్ లెక్కలు ఊహించుకుని నిర్ణయం తీసుకోవద్దు. ఒక తెల్లకాగితం తీసుకుని ఒకవైపు ఇప్పటి జీతం, డీఏ, ఇంక్రిమెంట్లు, రిటైర్మెంటు దాకా ఎన్నేళ్లు ఉందో రాయండి. రెండోవైపు ఇప్పుడు తప్పుకుంటే చేతికొచ్చేది ఎంతో ట్రెజరీలో అడిగి రాయించుకోండి. మీవారిని ఆ కాగితం చూడమనండి. నేను ఎంత చెప్పినా ఆ లెక్క చెప్పినంత గట్టిగా చెప్పలేను.

ఇలాంటిదే ఒక కేసు 2008లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భగవాన్ దాస్ కేసు అంటారు. పంజాబ్ విద్యుత్ బోర్డులో అసిస్టెంట్ లైన్‌మన్. 1994లో రెండు కళ్లూ పోయాయి. కొన్నాళ్లకు ఆయనే అధికారులకు ఉత్తరం రాశాడు, నన్ను రిటైర్ చేసి నా భార్యకు ఉద్యోగం ఇప్పించండని. బోర్డు మొదటి సగం చేసింది, రెండో సగం చేయలేదు. ఉద్యోగం పోయింది, భార్యకు రాలేదు. కోర్టులో బోర్డు ఆ ఉత్తరాన్నే చూపించింది, ఆయనే అడిగాడుగా అని. కోర్టు ఒప్పుకోలేదు. చట్టం తనకిచ్చిన రక్షణ ఆయనకు తెలియదు, తెలియని మనిషికి సరైన సంగతి చెప్పడం అధికారుల బాధ్యత, ఆ అమాయకత్వాన్ని వాడుకుని పంపించేయకూడదని గట్టిగా మందలించింది. ఆయన్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు మా నాన్న బొటనవేలు గుర్తొస్తుంది.

దీని అర్థం ఏమిటంటే, మీ ప్రిన్సిపాల్ గారు మీకు చెప్పాల్సింది ఇన్వాలిడేషన్ గురించి కాదు. 'చట్టం ప్రకారం మీకు వేరే పోస్టు అడిగే హక్కుంది, ఉన్న పోస్టులోనే సౌకర్యాలు అడిగే హక్కుంది' అని చెప్పాలి. ఆయన చెప్పలేదు కాబట్టి మనమే కాగితం మీద గుర్తుచేద్దాం.

ఇప్పుడు వరసగా చేయాల్సినవి చెబుతాను. మొట్టమొదట జాయినింగ్ రిపోర్టు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేసి, డిసెంబరులో ఏ తేదీన కాలేజీకి వెళ్లారో, ఎందుకు తీసుకోలేదో రాసి, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ అడిగి ప్రిన్సిపాల్‌కు ఒకటి, పైఅధికారికి ఒకటి పంపండి. ఆ పోస్టాఫీసు రసీదు, అందినట్టు వచ్చే రుజువు బంగారం అనుకోండి. జాయినవడానికి వచ్చిన మనిషిని ఆఫీసే ఆపితే ఆ రోజులు ఆయన సెలవు ఖాతాలో పడకూడదని, కంపల్సరీ వెయిటింగ్‌గా డ్యూటీ కింద లెక్కగట్టాలని తర్వాత అడగడానికి అదే ఆధారం. రసీదు లేకపోతే మీరు వెళ్లలేదనే అంటారు.

రెండోది సౌకర్యాల దరఖాస్తు. చట్టం దీన్ని సహేతుకమైన సర్దుబాటు అంటుంది, అది ఇవ్వడం ప్రభుత్వ సంస్థ విధి. పెద్ద పెద్ద మాటలు వద్దు. గ్రౌండ్ ఫ్లోర్‌లో క్లాసు, కూర్చుని చెప్పడానికి కుర్చీ, కాలర్ మైకు, బోర్డు మీద రాసేందుకు బదులు ముందే తయారుచేసిన నోట్సు, కొన్నాళ్లు స్పాట్ వాల్యుయేషన్, అంటే పరీక్ష పేపర్లు దిద్దే పని నుంచి మినహాయింపు. ఇవి వేలల్లో అయ్యేవి, లక్షల్లో కాదు. ఇవన్నీ ఇచ్చినా క్లాసు చెప్పలేకపోతే అదే స్కేలులో మరో పని ఇవ్వమని చివరి పేరాలో అడగండి. తలుపు మీద ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నారన్నారే, ఆ సంగతి కూడా రాయండి. ఫైలు చదివేవాళ్లూ మనుషులే.

మెడికల్ బోర్డుకు పంపుతామంటే భయపడకండి, వెళ్లండి. బోర్డు రిపోర్టు కాపీ మాత్రం అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఒకవేళ 'లెక్చరర్ పనికి అన్‌ఫిట్' అని రాశారనుకోండి. అందరూ అక్కడితో ఉద్యోగం అయిపోయిందనుకుంటారు. నిజానికి 20(4) పని మొదలయ్యేదే అక్కడ. కునాల్ సింగ్ అనే కానిస్టేబుల్ ఎడమ కాలు తీసేశాక అన్‌ఫిట్ అని పంపించేశారు. ఇన్వాలిడ్ పెన్షన్ వస్తోంది కదా అని కూడా వాదించారు. 2003లో సుప్రీంకోర్టు, పెన్షన్ ఇచ్చినంత మాత్రాన ఈ రక్షణ పోదని, చట్టంలో ఉన్నది అధికారి ఇష్టానికి వదిలింది కాదని, చేసి తీరాల్సిందేనని చెప్పింది. అన్ని కార్యాలయాల్లోనూ గోడకు తగిలించాల్సిన తీర్పు అది.

మూడోది చార్జ్ మెమో. మీరు ఎక్కువ భయపడుతున్నది దీనికేనని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. కానీ అమ్మా, మెమో రావడం శిక్ష కాదు. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం ఆరోపణ ఏమిటో చెప్పకుండా, విచారణ జరపకుండా, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ప్రభుత్వ ఉద్యోగిని తీసేయడం కుదరదు. మెమో అంటే ఆ అవకాశం మొదలైందని. దానికి గడువులోగా జవాబు ఇవ్వకపోవడమే ప్రమాదం. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టు రాసుకుంటూ పోతారు. గైర్హాజరు ఏడాది దాటితే రాజీనామా చేసినట్టు భావించే నిబంధన కూడా ఉంది, దానికీ ముందు సంజాయిషీ అడగాలి. మీరు అంతదాకా రానివ్వకండి. ఈ వారంలోనే రాయండి. టైం చాలకపోతే గడువు పొడిగించమని ఒక పేజీ లెటర్ వెంటనే ఇవ్వండి.

జవాబులో ఏం రాయాలి? 'ఫలానా తేదీన కాలేజీలోనే, క్లాసులోనే పడిపోయాను. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది నా సహోద్యోగులే. అప్పటి నుంచి ఫలానా తేదీ వరకు మాట్లాడలేని, రాయలేని స్థితిలో ఉన్నాను. నా గైర్హాజరు ఉద్దేశపూర్వకం కాదు. ఆ కాలానికి మెడికల్ గ్రౌండ్స్ మీద అర్హత ఉన్న సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.' ఇంతే. క్షమించమని రాయొద్దు. జబ్బు పడినందుకు క్షమాపణ దేనికి? 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో సుప్రీంకోర్టు, జబ్బు, ప్రమాదం, ఆసుపత్రి లాంటి తప్పనిసరి పరిస్థితుల్లో రాలేకపోతే దాన్ని కావాలని చేసిన గైర్హాజరు అనలేమని, కావాలనే మానేశాడని నిరూపించాల్సింది శాఖేనని చెప్పింది. ఈ తీర్పు పేరు, సంవత్సరం జవాబులో ఒక వాక్యంగా చేర్చండి.

ఆధారాల్లో అందరూ మర్చిపోయేది ఒకటి చెబుతాను. మీవారి వైద్యం హెల్త్ కార్డు మీద జరిగిందన్నారు. అంటే ఆసుపత్రి ముందుగా అనుమతి అడిగింది, ప్రభుత్వ పథకం అనుమతి ఇచ్చింది, డబ్బు కట్టింది. ఆయన ఏ రోజు ఏ ఆసుపత్రిలో ఉన్నారో ప్రభుత్వం దగ్గరే రికార్డు ఉంది. ఆ అనుమతి కాపీ ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ కౌంటర్‌లో అడిగి తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టు, ఫిజియోథెరపీ రసీదులు, సహోద్యోగికి పంపిన వాట్సాప్ మెసేజ్‌ల ప్రింటు, అన్నీ తేదీల వరసలో పెట్టి పేజీ నంబర్లు వేయండి. మీరు కాగితం పంపకపోవడం లోపమే, కాదనను. కానీ భర్త ఐసీయూలో ఉన్నప్పుడు భార్యకు సెలవు చీటీ గుర్తుకు రాలేదంటే అర్థం చేసుకోని విచారణాధికారి ఉండడు. మెడికల్ సర్టిఫికెట్ మీద హాఫ్ పే లీవును, అంటే సగం జీతపు సెలవును కమ్యూట్ చేసుకుంటే (రెండు రోజులను ఒక రోజుగా మార్చుకుంటే) పూర్తి జీతం వస్తుంది, సర్వీసు మొత్తంలో 240 రోజుల దాకా. పదహారేళ్ల సర్వీసుకి ఏడాదికి 20 రోజుల చొప్పున ఖాతాలో 320 రోజులు పడి ఉండాలి. నాలుగు నెలలు పూర్తి జీతం మీద కమ్యూట్ చేసుకుంటే అందులో రెట్టింపు, అంటే 240 రోజులు ఖర్చవుతాయి. ఎస్సార్ (సర్వీసు రిజిస్టర్) కాపీ తీసుకుని ఆయన ఇదివరకు ఎంత వాడారో చూసుకోండి.

ఇవన్నీ చేశాక కూడా ఆఫీసు కదలకపోతే? ప్రతి ప్రభుత్వ సంస్థలో ఈ చట్టం కింద ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. అక్కడా కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. సమన్లు ఇవ్వడానికి, రికార్డులు తెప్పించుకోవడానికి ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన చేసిన సిఫార్సు మీద శాఖ మూడు నెలల్లో చర్య తీసుకోవాలి. ఒప్పుకోకపోతే ఎందుకో కారణం అదే మూడు నెలల్లో చెప్పాలి. చివరిది హైకోర్టు. ఇదివరకు సర్వీసు కేసులకు ఉన్న ట్రిబ్యునల్ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు కాబట్టి నేరుగా రిట్ వేయాలి. ఉచిత న్యాయ సహాయం కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. మహిళలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా అది వస్తుంది.

మీవారితో ఒక మాట చెప్పండి. పిల్లాడికి తండ్రి ఇవ్వాల్సింది తన ఉద్యోగం కాదు. చదువు పూర్తయ్యేదాకా ఇంట్లోకి జీతం వస్తే ఆ అబ్బాయి తన ఉద్యోగం తను తెచ్చుకుంటాడు. మా నాన్న ఉద్యోగం పోయాక మా అన్నయ్య ఇంటర్ మానేసి లారీ ఆఫీసులో చేరాడు. అన్నయ్య మానేశాడు కాబట్టే నేను చదివాను. ఆ బాకీ నేనింకా తీర్చలేదు.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ రవాణా సంస్థలో డ్రైవర్‌ని. కంటి పరీక్షలో రంగులు గుర్తించలేకపోతున్నానని తేలింది. వేరే పని అడిగితే 'ఇది వైకల్యాల జాబితాలో లేదు, నీకు హక్కు లేదు' అంటున్నారు. నిజమేనా?
(ఒక డ్రైవర్, తెలంగాణ)

జవాబు: జాబితాలో లేదన్నది నిజమే తమ్ముడూ. హక్కు లేదన్నది నిజం కాదు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అచ్చంగా మీలాంటి వారిదే. తెలంగాణ ఆర్టీసీలో రంగులు కనపడని కారణంగా రిటైర్ చేసిన డ్రైవర్ జోసెఫ్ కేసు. 1979లో యాజమాన్యానికి, కార్మిక సంఘాలకు కుదిరిన ఒప్పందంలో అలాంటి డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇవ్వాలని ఉంది. ఆ ఒప్పందానికి కట్టుబడాల్సిందేనని కోర్టు చెప్పింది. వేరే పోస్టు ఏదీ లేదని చూపించాల్సింది సంస్థే, పోస్టు వెతికి చూపించమని కార్మికుణ్ని అడగకూడదని కూడా చెప్పింది. అదే గ్రేడులో 8 వారాల్లో తగిన పోస్టు ఇమ్మని, పాత బకాయిల్లో 25 శాతం కట్టమని ఆదేశించింది. మీ సంస్థలో ఇలాంటి ఒప్పందం ఉందేమో యూనియన్ ఆఫీసులో పాత ఫైళ్లు తీయించండి. 1979 నాటి కాగితం 2025లో ఒక మనిషిని నిలబెట్టింది, అలాంటి కాగితాన్ని పాతదని పక్కన పెట్టకండి. దరఖాస్తులో ఫలానా పోస్టులు చేయగలను అని మీరే నాలుగు రాయండి. అడగకుండా ఊరుకుంటే కోర్టులో మీ వాదన బలహీనపడుతుంది.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును, రెగ్యులర్. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. మీరు చెప్పే చట్టం నాకు వర్తిస్తుందా?
(ఒక సోదరి, రాయలసీమ)

జవాబు: మిమ్మల్ని మభ్యపెట్టలేను చెల్లీ. 21 వైకల్యాల జాబితాలో తలసేమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్ ఉన్నాయి, కిడ్నీ జబ్బు లేదు. అది చేర్చాలని నేను గట్టిగా నమ్ముతాను. వారానికి మూడు రోజులు యంత్రానికి కట్టుబడి బతికే మనిషిది వైకల్యం కాదంటే నాకు అర్థం కాదు. కానీ ఈ రోజుకు 20(4) మీద ఆధారపడి కూర్చోవడం మంచిది కాదు. ఇతర దారులున్నాయి. బదిలీల జీవోల్లో క్యాన్సర్, కిడ్నీ మార్పిడి లాంటి తీవ్ర వ్యాధులవాళ్లకు ప్రాధాన్యం ఇస్తూ వస్తున్నారు, కాబట్టి డయాలసిస్ కేంద్రం ఉన్న ఊరికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. నైట్ డ్యూటీ లేకుండా ఓపీలో వేయమని డాక్టరు లెటర్‌తో రాతపూర్వకంగా అడగండి. డయాలసిస్ రోజులకు ముందే షెడ్యూలు ఇచ్చి సెలవు పెట్టండి, ఫోన్లో చెప్పి వదిలేయకండి. 311 మీకూ ఉంది. విచారణ లేకుండా మిమ్మల్ని ఎవరూ తీసేయలేరు. డయాలసిస్ వల్ల ఎముకలో, కంట్లో, నరాల్లో ఇబ్బంది ఏదైనా వచ్చి ఉంటే దాన్ని డాక్టరుకు చూపించండి. అది జాబితాలో ఉన్నదైతే అప్పుడు సదరం తలుపు తెరుచుకుంటుంది.

ప్రశ్న: డిప్రెషన్‌తో రెండేళ్లుగా మందులు వాడుతున్నాను. ఆఫీసులో ఒకరోజు పైఅధికారి మీద అరిచాను. క్రమశిక్షణా చర్య మొదలుపెట్టారు. జబ్బు సంగతి బయటపెడితే పరువు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
(ఒక సీనియర్ అసిస్టెంట్)

జవాబు: బయటపెట్టండి బాబూ. ఈ దశలో దాచడమే మీకు నష్టం. రవీందర్ కుమార్ ధరివాల్ కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, మానసిక వైకల్యం ఉన్న ఉద్యోగి మీద క్రమశిక్షణా చర్యలు నడపడం పరోక్ష వివక్ష అవుతుందని చెప్పింది. ఆ ప్రవర్తనకు జబ్బు ఒక్కటే కారణమని నిరూపించనక్కర్లేదు, కారణాల్లో అదొకటైతే చాలు. ధరివాల్ సీఆర్‌పీఎఫ్ అధికారి. మీరు ఒంటరివారు కాదు, ఆ తీర్పు మీలాంటి ఎందరికో దారి. రెండేళ్ల ప్రిస్క్రిప్షన్లు తేదీలతో సహా జతచేసి, వైద్యుడి అభిప్రాయంతో జవాబు ఇవ్వండి. సీల్డ్ కవర్లో ఇస్తానని అడగవచ్చు. మందులు మాత్రం మానకండి.

ప్రశ్న: మా సెక్షన్‌లో పెద్దాయనకు గొంతు క్యాన్సర్. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. వచ్చే సోమవారం డ్యూటీలో చేరుతున్నారు. ఆయనకిక మాట రాదు. మేం ఏం చేయాలి?
(నలుగురు జూనియర్ అసిస్టెంట్లు)

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు కన్నీళ్లు ఆగలేదు. స్వరపేటిక తీసేయడం వల్ల మాట పోవడం షెడ్యూలులో ఉన్న వైకల్యమే, కాబట్టి హక్కుల సంగతి పైన చెప్పినవన్నీ ఆయనకూ వర్తిస్తాయి. సదరం సర్టిఫికెట్‌కి మీలో ఒకరు తోడు వెళ్లండి. మెడ దగ్గర రంధ్రంతో ఊపిరి పీలుస్తారు, దుమ్ము పడకూడదు. పాత ఫైళ్లు దులిపే రాక్‌లకు ఆయన కుర్చీ దూరంగా జరపండి. ఆయన సీటుకు వచ్చే పబ్లిక్ కోసం 'దయచేసి రాసి చూపించండి' అని అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఒక నోటుపుస్తకం, పెన్ను పక్కన పెట్టండి. ఆయన రాసిచ్చింది చదివే ఓపిక అందరూ తెచ్చుకోండి, వాక్యం పూర్తికాకముందే అందుకోకండి. ల్యాండ్‌లైన్ ఆయన టేబుల్ మీదుంటే ఆదివారం లోపలే తీసి మీ టేబుల్ మీద పెట్టుకోండి. సోమవారం పొద్దున అది మోగి ఆయన చూస్తూ కూర్చోకుండా.